మార్పులు చేసిన పాత మోటార్ సైకిల్‌కు కార్బురేటర్ ట్యూనింగ్: సమగ్ర మార్గదర్శి

పాత మోటార్ సైకిల్ తయారై బయటికి వచ్చినప్పుడు దాని కార్బురేటర్, ఎయిర్ బాక్సు, సైలెన్సర్ ఒకదానికొకటి సరిపోయేలా కూర్చి ఉంటాయి. ఎయిర్ బాక్సు (గాలి ఫిల్టర్ ఉండే పెట్టె) తీసేసి ఒక్కో కార్బురేటర్ మూతికి ఒక్కో పాడ్ ఫిల్టర్ (నేరుగా మూతికే బిగించే చిన్న గాలి ఫిల్టర్) తగిలించినా, గాలి ధారాళంగా పోయే సైలెన్సర్ పెట్టినా ఆ పొందిక చెదిరిపోతుంది. గాలి వెళ్లే తీరు మారుతుంది, పెట్రోల్ మాత్రం పాత లెక్కలోనే వస్తుంది. మిశ్రమం పలుచబడుతుంది, అంటే గాలితో పోలిస్తే పెట్రోల్ తక్కువవుతుంది. సగం థ్రాటిల్ దగ్గర బండి తడబడుతుంది, థ్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో టపాకాయలు పేలినట్లు శబ్దం వస్తుంది, ఇంజిన్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది. అలాగే పూర్తి థ్రాటిల్‌లో ఎక్కువసేపు లాగితే పిస్టన్‌కు చిల్లు పడే ప్రమాదం కూడా ఉంది. అందుకే ఈ పనిని ఓపికగా, ఒక వరుసలో చేయాలి.

ఇక్కడ చెప్పేదంతా రెండు లేదా నాలుగు కార్బురేటర్లున్న నాలుగు స్ట్రోకుల ఇంజిన్లను దృష్టిలో పెట్టుకుని చెప్పింది. ఒకే కార్బురేటర్ ఉన్న బండికి, కార్బురేటర్లన్నీ ఒకేలా తెరుచుకునేలా చూసే సమతూకం పని ఒక్కటే ఉండదు.

ఏ భాగం ఎక్కడ పనిచేస్తుంది

"నిమిషానికి నాలుగు వేల చుట్ల దగ్గర తడబడుతోంది, మెయిన్ జెట్ మార్చాలా?" అని చాలామంది అడుగుతారు. ఇంతమాత్రం చెబితే జవాబు చెప్పలేం. ఏ జెట్ (పెట్రోల్‌ను కొలిచి వదిలే, సన్నని రంధ్రమున్న ఇత్తడి ముక్క) పనిచేయాలన్నది ముఖ్యంగా థ్రాటిల్ ఎంత తెరిచారన్న దాన్ని బట్టి ఉంటుంది. అదే నాలుగు వేల చుట్లు చదును రోడ్డు మీద ఎనిమిదో వంతు థ్రాటిల్‌తోనూ వస్తాయి, ఎత్తు ఎక్కేటప్పుడు పూర్తి థ్రాటిల్‌తోనూ వస్తాయి. మొదటిది పైలట్ జెట్ చూసుకునే చోటు, రెండోది మెయిన్ జెట్ చూసుకునే చోటు.

స్థూలంగా లెక్క ఇదీ. థ్రాటిల్ మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్, మిశ్రమం స్క్రూ. అక్కడి నుంచి పావు వంతు దాకా స్లైడ్ (పైకి లేస్తూ గాలి దారిని తెరిచే భాగం) అడుగున ఉండే కోత ప్రభావం ఎక్కువ. పావు నుంచి ముప్పావు వరకు స్లైడ్‌కు వేలాడే సూది అయిన నీడిల్, అది దిగే నీడిల్ జెట్. ముప్పావు దాటాక మెయిన్ జెట్. వీటి మధ్య గట్టి గీతలు లేవు. ఒకదాని పని ముగియకముందే మరొకటి అందుకుంటుంది. వాక్యూమ్‌తో స్లైడ్ లేచే సీవీ కార్బురేటర్లలో పిడి తిప్పిన వెంటనే స్లైడ్ లేవదు, ఇంజిన్ పీల్చుకునే కొద్దీ లేస్తుంది. అందుచేత వాటిలో ఈ కొలతలను కాస్త చూసీచూడనట్లు తీసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు థ్రాటిల్ పిడి మీద ఒక తెల్ల కాగితపు టేపు ముక్క, దాని పక్కనే కదలకుండా ఉండే స్విచ్‌ల డబ్బా మీద మరొకటి అంటించండి. పిడి మూసి ఉంచి రెండింటి మీదుగా ఒకే గీత గీయండి. పూర్తిగా తెరిచి, పిడి మీది గీత ఆగిన చోటుకు ఎదురుగా డబ్బా మీద మరో గీత పెట్టండి. ఆ రెంటి మధ్య దూరాన్ని నాలుగు భాగాలు చేసి గుర్తులు పెట్టండి. బండి నడుపుతూ ఒక్క చూపులో "ఇది సగం దగ్గర తడబడుతోంది" అని చెప్పగలిగితే చాలు, ఏ భాగం మీద చెయ్యి వేయాలో తెలిసిపోతుంది. ఇంత చవకైన పరికరం మరొకటి లేదు.

కార్బురేటర్ జోలికి వెళ్లకముందు

వాల్వ్‌ల సందు, ఇగ్నిషన్ టైమింగ్, కంప్రెషన్, ప్లగ్‌లు, వాటి తీగల మూతులు అన్నీ సరిగా ఉన్నాయని తేలిన తర్వాతే కార్బురేటర్ విప్పండి. బిగుసుకుపోయిన ట్యాపెట్, బలహీనమైన కాయిల్ అచ్చం కార్బురేటర్ జబ్బులాగే కనిపిస్తాయి. ట్యాంకు నుంచి పెట్రోల్ ధారగా వస్తోందా, ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయిందా అన్నవి కూడా చూడండి.

అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది గాలి లీకు. నా బండి ఐడ్లింగ్‌లో ఎప్పుడూ ఒకేలా నిలిచేది కాదు; థ్రాటిల్ ఒకసారి తిప్పి వదిలితే చుట్లు పైనే వేలాడి, నెమ్మదిగా దిగేవి. మూడు వారాంతాలు పైలట్ జెట్లు మార్చుతూ కూర్చున్నాను. చివరికి కార్బురేటర్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే రబ్బరు గొట్టాన్ని విప్పి చేతిలో వంచి చూస్తే, పైనుంచి చూసేవాళ్లకు కనిపించని అడుగు భాగంలో వేలిగోరంత పొడవు చీలిక నోరు తెరిచింది. కొత్త గొట్టాలు వేసిన రోజున, నేను మార్చిన జెట్లన్నీ తీసేసి పాతవే పెట్టాల్సి వచ్చింది.

కాబట్టి ఆ రబ్బరు గొట్టాలను విప్పి, వంచి, వెలుతురులో చూడండి. ఇంజిన్ నడుస్తుండగా పరీక్షించాలంటే సబ్బు నీళ్లు లేదా సన్నని నీటి తుంపర ఆ అతుకుల మీద చల్లండి. చుట్లు మారితే అక్కడ లీకు ఉన్నట్లే. కొందరు కార్బురేటర్ క్లీనర్ చల్లుతారు. అది వేడి సైలెన్సర్ గొట్టం మీద పడితే భగ్గున అంటుకుంటుంది, నేను ఆ పద్ధతిని ఎవరికీ చెప్పను. పెట్రోల్‌తో చేసే ఈ పనంతా ఆరుబయట చేయండి, మంటలార్పే సిలిండర్ అందుబాటులో ఉంచుకోండి. మూసిన గదిలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది.

విప్పి శుభ్రం చేయడం

జపాన్ కార్బురేటర్ల ప్లస్ తల స్క్రూలు మామూలు ఫిలిప్స్ రకం కావు, జేఐఎస్ (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) రకం. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు. బలం పెట్టగానే జారి తలను అరగదీస్తుంది. సరైన స్క్రూడ్రైవర్ కొనుక్కోండి. మొండికేసిన స్క్రూకు ముందు నూనె పట్టించి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు తీయండి.

మిశ్రమం స్క్రూను తీసేముందు దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లకు ఆగిందో రాసుకోండి. ఆగిన చోట బిగించకూడదు. మొన విరిగితే కార్బురేటర్ బాడీయే పాడవుతుంది. పెట్రోల్‌ను నియంత్రించే స్క్రూ అయితే దాని వెనుక స్ప్రింగ్, చిన్న వాషర్, రబ్బరు ఓ-రింగ్ ఉంటాయి. స్క్రూ బయటికి వచ్చినా ఓ-రింగ్ చాలాసార్లు రంధ్రంలోనే ఉండిపోతుంది. దాన్ని వంచిన సన్నని తీగతో తీయకపోతే క్లీనర్ తగిలి ఉబ్బిపోతుంది. తిరిగి పెట్టేటప్పుడు ఓ-రింగ్ అన్నిటికంటే లోపల, తర్వాత వాషర్, ఆ పైన స్ప్రింగ్.

సీవీ రకమైతే పైమూత విప్పి రబ్బరు డయాఫ్రమ్‌ను బయటికి తీసి, బల్బుకు ఎదురుగా పట్టుకుని, మడతలను ఒక్కొక్కటిగా వేళ్లతో సాగదీసి చూడండి. సూది మొనంత వెలుగు చుక్క కనిపించినా ఆ స్లైడ్ సరిగా లేవదు. ఏ జెట్ వేసినా ఆ సిలిండర్ వెనకబడే ఉంటుంది. డయాఫ్రమ్‌కు, మిగతా రబ్బరు భాగాలకు కార్బురేటర్ క్లీనర్ తగలనివ్వకండి.

పైలట్ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కంటే సన్నగా ఉంటుంది. నిలవున్న పెట్రోల్ ఆవిరై జిగురుగా మారితే మొదట మూసుకుపోయేది అదే. ఉక్కు తీగతో పొడవకండి. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇక దాని మీది నంబరుకు అర్థం ఉండదు. కరెంటు తీగలోని ఒక్క రాగి పోగు, లేదా నైలాన్ దారం వాడండి. తర్వాత ప్రతి దారిలోకీ క్లీనర్ కొట్టి, అది అవతలి రంధ్రం నుంచి వస్తోందో లేదో చూడండి. థ్రాటిల్ పలక అంచున ఉండే సన్నని రంధ్రాలను మరవకండి. బండి ఐడ్లింగ్ నుంచి కదిలే క్షణంలో పెట్రోల్ ఇచ్చేవి అవే.

ఫ్లోట్ ఎత్తు

ఇది తప్పితే తర్వాతి పనంతా బూడిదలో పోసిన పన్నీరే. కార్బురేటర్ అడుగు గిన్నెలో పెట్రోల్ మట్టాన్ని నిలిపేది ఫ్లోట్ అనే తేలే భాగం. ఆ మట్టం పెరిగితే ప్రతి జెట్ చిక్కగా, తగ్గితే ప్రతి జెట్ పలుచగా ఇస్తుంది. మీ బండి సర్వీసు పుస్తకంలో ఉన్న కొలత తీసుకోండి. కార్బురేటర్‌ను పక్కకు వాల్చి, ఫ్లోట్ నాలుక సూది వాల్వ్ తలలోని చిన్న స్ప్రింగ్ పిన్నును అలా తాకి ఆగేలా పట్టుకుని కొలవండి. పూర్తిగా తలకిందులు చేస్తే ఫ్లోట్ బరువుకు ఆ పిన్ను నొక్కుకుపోయి కొలత తప్పొస్తుంది. సరిచేయాలంటే నాలుకను వెంట్రుకవాసి వంచితే చాలు. అన్ని కార్బురేటర్లలో ఒకే కొలత ఉండాలి.

మరింత నమ్మకం కావాలంటే గిన్నె అడుగునున్న డ్రెయిన్ మూతికి పారదర్శక గొట్టం తగిలించి, దాన్ని కార్బురేటర్ పక్కన నిలువుగా పట్టుకుని, డ్రెయిన్ స్క్రూ వదులు చేయండి. గొట్టంలో పెట్రోల్ ఎక్కడ నిలబడితే గిన్నెలో అదే మట్టం.

పాడ్ ఫిల్టర్ల సంగతి

బిగించే ముందు పాడ్ ఫిల్టర్ రబ్బరు మూతిని కార్బురేటర్ మూతికి ఆనించి చూడండి. కార్బురేటర్ మూతి అంచున చిన్న గాలి రంధ్రాలు ఉంటాయి: ఒకటి పైలట్ వ్యవస్థకు, మరొకటి మెయిన్ జెట్ వ్యవస్థకు గాలినిస్తుంది, సీవీ రకంలో డయాఫ్రమ్ కింది గదికి వెళ్లే దారి కూడా అక్కడే ఉంటుంది. చాలా ఫిల్టర్ల లోపలి రబ్బరు పెదవి వీటిని సగమో పూర్తిగానో మూసేస్తుంది. అలా ఉంటే పెదవిని కోసేయండి, లేదా ఫిల్టర్ మార్చండి.

నా అభిప్రాయం దాచుకోను. సీవీ కార్బురేటర్లున్న బండిని రోజూ వాడేవాళ్లు ఎయిర్ బాక్సును ఉంచుకోవడమే మేలు. డయాఫ్రమ్ కింద ప్రశాంతమైన గాలి ఉంటేనే స్లైడ్ నిలకడగా లేస్తుంది. పాడ్‌ల మీదికి పక్క గాలి కొట్టినప్పుడల్లా ఆ నిలకడ పోతుంది. సైలెన్సర్ ఒక్కటే మార్చి ట్యూన్ చేస్తే ఒక్క రోజు పని. పాడ్‌లు కూడా పెడితే వారాలు పట్టవచ్చు. మికుని కంపెనీ వీఎం వంటి, కేబుల్ నేరుగా స్లైడ్‌ను లేపే రకాలతో ఈ ఇబ్బంది చాలా తక్కువ.

మొదట మెయిన్ జెట్

కొందరు పైలట్‌తో మొదలుపెడతారు. ముందు బండి ఆగకుండా నిలిచేలా మిశ్రమం స్క్రూలను పూర్తిగా మూసిన చోటు నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి ఉంచి, ఆ తర్వాత మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి కిందికి రావడం నా పద్ధతి. తప్పైతే ఇంజిన్‌ను దెబ్బతీసే చోటు అదే కదా, దాన్ని ముందు భద్రం చేయాలి.

సైలెన్సర్ మాత్రమే మార్చి ఉంటే పాతదానికంటే ఒకటి రెండు మెట్లు పెద్ద జెట్, పాడ్‌లు కూడా ఉంటే మూడు నాలుగు మెట్లు పెద్దది వేసి మొదలుపెట్టండి. ఇవి ప్రారంభానికే, తుది లెక్కలు కావు. ఎప్పుడూ చిక్కటి వైపు నుంచి మొదలై కిందికి రండి. కంపెనీని బట్టి, జెట్ రకాన్ని బట్టి నంబర్ల లెక్క మారుతుంది. మికుని 110కి కేహిన్ 110 బదులు కాదు. మీ కార్బురేటర్‌కు సరిపోయే అసలు రకం జెట్లే, ఒకే తయారీవి కొనండి.

వాహనాలు లేని చోట, ఇంజిన్ బాగా వేడెక్కాక, మూడో గేరులో పూర్తి థ్రాటిల్ ఇవ్వండి. లాగుతుండగా థ్రాటిల్‌ను కొద్దిగా, గుర్తుల్లో ఎనిమిదో వంతు వెనక్కి తేండి. అలా తగ్గించగానే బండి ఊపందుకున్నట్లు అనిపిస్తే మెయిన్ జెట్ చిన్నది. లాగుడు మెత్తగా కాస్త తగ్గితే సరిపోయినట్లే. పూర్తి థ్రాటిల్‌లో గుడగుడమంటూ బరువుగా ఉండి, ఇంజిన్ వేడెక్కేకొద్దీ అది ఎక్కువైతే జెట్ పెద్దది.

ప్లగ్ చూసి నిర్ధారించుకోండి. కొత్త ప్లగ్‌లు వేసి, పూర్తి థ్రాటిల్‌లో కొన్ని సెకన్లు లాగి, థ్రాటిల్ అలాగే ఉండగా ఇంజిన్ ఆపే స్విచ్ నొక్కి, అదే క్షణం క్లచ్ పట్టుకుని, పక్కకు వచ్చి ఆగండి. ఐడ్లింగ్‌లోకి రానిస్తే పైలట్ జెట్ మసి పడి అసలు రంగు చెరిగిపోతుంది. ప్లగ్ మొన రంగును పట్టించుకోకండి. తెల్ల పింగాణీ లోపలికి దిగి ఇనుప పొట్టులో కలిసే అడుగున, టార్చి వేసి చూడండి. అక్కడ లేత గోధుమ రంగు వలయం ఉంటే సరైనదే. నల్లటి మసి వలయమైతే జెట్ పెద్దది. వలయమే లేక పాలతెలుపుగా ఉంటే జెట్ చిన్నది. పింగాణీ మీద మెరిసే లోహపు చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ నుంచి వచ్చినవి. బండి ఇక నడపకండి.

నీడిల్

పావు నుంచి ముప్పావు మధ్య, నిలకడగా నడుపుతూ చూడండి. రోజువారీ ప్రయాణంలో ఎక్కువ భాగం ఈ మధ్య భాగంలోనే సాగుతుంది, అందుకే ఇక్కడ పెట్టిన శ్రమ ఊరికే పోదు. స్థిరమైన థ్రాటిల్‌లో బండి తనంతట తాను ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్లు ఉన్నా, పిడి తిప్పగానే ఒక్క క్షణం ముక్కి తర్వాత అందుకున్నా మిశ్రమం పలుచన. మందకొడిగా, గొంతులో ఏదో అడ్డుపడినట్లు నడిచి, చల్లటి ఇంజిన్‌తోనే బాగుంటే చిక్కన.

నీడిల్ పైభాగాన గాళ్లు, వాటిలో చిన్న క్లిప్ ఉంటాయి. క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది. క్లిప్ పైకి వెళితే పలుచబడుతుంది. చాలామంది ఇక్కడ తిరకాసు పడతారు. 1970ల చివరి నుంచి వచ్చిన అనేక బండ్లలో పొగ నిబంధనల కారణంగా గాళ్లు లేని నీడిల్ పెట్టారు. వాటికి నీడిల్ తల కింద అర మిల్లీమీటరు వాషర్ ఒకటి వేసి లేపుకోవచ్చు. ఒకసారికి ఒకటే వేయండి. నీడిల్ మార్చాక మెయిన్ జెట్‌ను మళ్లీ ఒకసారి పరీక్షించండి.

పైలట్ జెట్, మిశ్రమం స్క్రూ

ముందు మీ స్క్రూ ఏ రకమో తెలుసుకోండి. అది స్లైడ్ కంటే ఇంజిన్ వైపు ఉంటే పెట్రోల్‌ను నియంత్రిస్తుంది. బయటికి తిప్పితే చిక్కబడుతుంది. ఫిల్టర్ వైపు ఉంటే గాలిని నియంత్రిస్తుంది. లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. ఇది తారుమారైతే చేసే ప్రతి సవరణ ఎదురు తిరుగుతుంది.

ఇంజిన్ వేడిగా ఉండగా ఒక్కో స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఇంజిన్ చుట్లు అన్నిటికంటే ఎక్కువగా, శబ్దం అన్నిటికంటే నిండుగా ఉండే చోటు వెతకండి. చుట్లు పెరిగితే ఐడ్లింగ్ స్క్రూతో మళ్లీ వెయ్యి, పదకొండు వందలకు దించి తర్వాతి కార్బురేటర్‌కు వెళ్లండి. అన్నీ ఒక విడత అయ్యాక రెండో విడత చేయండి. పెట్రోల్ స్క్రూ మూడు చుట్లు దాటినా ఇంకా బయటికే కావాలంటే పైలట్ జెట్ ఒక మెట్టు పెంచాలి. ముప్పావు చుట్టులోపే తృప్తిపడితే ఒక మెట్టు తగ్గించాలి. గాలి స్క్రూ అయితే దీనికి సరిగ్గా వ్యతిరేకం.

ఇప్పుడు థ్రాటిల్ గబుక్కున తిప్పి వదిలి చుట్లు దిగే తీరు గమనించండి. తిన్నగా దిగి నిలబడితే సరే. పైన వేలాడి మెల్లగా దిగితే పలుచన, లేదా గాలి లీకు. ఐడ్లింగ్ కంటే కిందికి పడి, మళ్లీ లేచి నిలబడితే చిక్కన.

సమతూకం

కార్బురేటర్లను బండికి బిగించక ముందే బల్ల మీద ఒక విడత సరిచేసి ఉంచాలి: ఒక సన్నని తీగను ఒక్కో థ్రాటిల్ పలక కింద పెట్టి, అన్నింటిలో ఒకే బిగువుతో జారేలా కలుపు స్క్రూలను తిప్పండి. అసలు సమతూకం ఇప్పుడు, ఒక్కో సిలిండర్ పీల్పును కొలిచే వాక్యూమ్ గేజీలతో. పెట్రోల్ కోసం బయట వేలాడదీసిన చిన్న ట్యాంకు, ఇంజిన్ ఎదుట పెద్ద ఫ్యాను తప్పనిసరి. నిలబడ్డ బండికి గాలి తగలదు. నాలుగు కార్బురేటర్లుంటే సాధారణంగా ఒకటి రెండు, తర్వాత మూడు నాలుగు, చివరికి ఈ రెండు జతలను మధ్య స్క్రూతో కలపాలి. కొన్ని బండ్లలో ఒకదాన్ని ఆధారంగా తీసుకుని మిగతావాటిని దానికి సరిపెడతారు. సర్వీసు పుస్తకం చూడండి. తిప్పిన ప్రతిసారీ థ్రాటిల్ ఒకసారి తిప్పి వదిలి, లింకులు కుదురుకున్నాకే గేజీ చదవండి. సిలిండర్ల మధ్య తేడా రెండు సెంటీమీటర్ల పాదరసం లోపు ఉంటే మంచిది. తర్వాత మిశ్రమం స్క్రూలను ఇంకొక్కసారి చూడాలి, ఎందుకంటే సమతూకం మారితే అవీ మారతాయి.

సైలెన్సర్ గొట్టానికి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమం పాళ్లు చెప్పే పరికరం) పెట్టగలిగితే ఊహతో పనిలేదు. పెట్రోల్‌కు రసాయన లెక్క ప్రకారం పూర్తి దహనం 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్. గాలి చల్లదనంతో బతికే పాత ఇంజిన్‌ను పూర్తి థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య, నిలకడ ప్రయాణంలో 13.5 నుంచి 14 మధ్య ఉంచడం నాకు నచ్చిన కొలత. గొట్టం అతుకుల్లో లీకు ఉంటే బయటి గాలి లోపలికి వచ్చి, సెన్సర్ అబద్ధపు పలుచన చూపిస్తుంది.

ఒకసారికి ఒకే మార్పు చేయండి, చేసిన వెంటనే రాయండి: తేదీ, వాతావరణం, జెట్ నంబర్లు, క్లిప్ గాడి, స్క్రూ చుట్లు, బండి ఎలా నడిచింది. వాతావరణం ఎందుకంటే, చల్లటి చిక్కటి గాలిలో ఇదే జెట్ పలుచబడుతుంది; కొండలెక్కితే ప్రతి మూడు వందల మీటర్లకు గాలి సాంద్రత సుమారు మూడు శాతం తగ్గి, ఇదే జెట్ చిక్కబడుతుంది. చివరి అంకెలను ఒక చిన్న కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి సీటు అడుగున అంటించండి. రెండేళ్ల తర్వాత కార్బురేటర్ విప్పేది మీరైనా, మరొకరైనా, ముందు వెతికేది ఆ కాగితాన్నే.